వానదుప్పటికి కొత్త మడత

సబ్బుపెట్టె గొణుగుడు పూర్తిచేసి వకుళ తలుపు గొణుగుడు తెరిచింది.

"తోస్తే లాగమంటుంది, లాగితే తొయ్యమంటుంది. తలుపా ఇది, మా ఆడపడుచా?" అంది గాజుపలకలోంచి ఒక గొంతు.

ఎవరిదో పోల్చుకోడానికి వీల్లేకుండా గొంతుజల్లెడ అందరి గొంతుల్నీ వడకట్టి ఒకే తీరున పంపుతుంది. అయినా ఆడపడుచు మాట వచ్చాక ఇంక దాగేదేముంది? వకుళ నవ్వుకుంటూ పలక అడుగున వెలిగిన మూడు స్ఫురణల్నీ చూసింది. ఒకదాంట్లో తలుపుకి పిడి లేదు. ఒకదాంట్లో తొయ్యాల్సిన చోట అరచేయి అచ్చు ఉంది. ఇంకోదాంట్లో మనిషి అడుగుల చప్పుడుకి తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. అరచేయి అచ్చు ఆమెకి ముద్దొచ్చింది. దాని మీద వేలు పెట్టి "సమ్మతం" అంది. పలక పచ్చగా మెరిసి ఖాళీ అయింది.

నీళ్ళ మీద తేలే కోరంగి తేలుపట్నంలో వస్తువులన్నీ మారుదినుసుతో చేసినవే. ప్రతి వస్తువులోనూ ఆవగింజంత చెవి ఉంటుంది. మనిషి దాన్ని చూసి విసుక్కుంటే ఆ చెవి తెరుచుకుంటుంది, విసుగు ఆగితే మూసుకుంటుంది. అది విన్నది పట్నం వస్తువులకి రూపాలు పోసే యంత్రబుద్ధి మూసకి చేరుతుంది. మూస ఆలోచించి మూడు కొత్త రూపాల స్ఫురణలు పంపుతుంది. రూపశాలలోని వకుళలాంటి వినికిడివాళ్ళు వాటిలో ఒకటి ఎంచి సమ్మతం చెబుతారు. దీపాలు పెట్టే వేళకి పోత మొదలై, పట్నంలోని వస్తువులు మెత్తబడి, అన్నం ఉడికేలోగా కొత్త రూపంలో గట్టిపడతాయి.

వకుళకి ఈ పని ఇష్టం. మూత ఊడిరాని సీసా ఇవాళ చిటికెలో తెరుచుకుంటోందంటే, అది తను విన్న గొణుగుడే. చేతిలోంచి జారే చెంచా, మంచం కింద దూరని చీపురు, ఎటు తిప్పినా వేడినీళ్ళే ఇచ్చే కుళాయి, ఎవరి విసుగు వాళ్ళకి కొండంత. ఆ కొండని దీపాలవేళకల్లా పిండి చెయ్యడంలో ఒక ఆనందం ఉంది. ఒక్కటే లోటు. చదువుకునే రోజుల్లో ఆమె బొమ్మలు గీసేది. ఇక్కడ గీసే పనే లేదు. స్ఫురణలన్నీ మూసవే.

"ఈసారి పెద్ద చేప పడింది నీకు," అంది పక్కపీట మీది జుబేదా, తన పలకలోంచి తల తిప్పకుండానే. "వానదుప్పటి. ఈ ఋతువంతా పట్నంలో దాన్ని తిట్టినట్టు ఇంకే వస్తువునీ తిట్టలేదట."

చుట్టూ ఉప్పునీళ్ళే ఉన్న ఊరికి తాగునీళ్ళు వానే ఇవ్వాలి. మబ్బు పట్టగానే ఎదురెదురు ఇళ్ళవాళ్ళు కప్పుల మీదికి పరుగెత్తి, రెండు కప్పుల మధ్య అడ్డబల్ల మీదున్న మడతని విప్పి, చెరో వైపు లాగి, కొక్కేలకి తగిలించి, చివరికి తాడు ముడి బిగిస్తారు. దుప్పటి కడుపులో పడ్డ వాన గొట్టంలోంచి తొట్టిలోకి దిగుతుంది. వాన వెలిసీ వెలవగానే మళ్ళీ మడిచెయ్యాలి. లేకపోతే ఉప్పుగాలికి గుడ్డ పెళుసెక్కి చిరిగిపోతుంది.

వకుళ స్ఫురణలు చూసింది. ఒకటి లోహపు ఊచలతో గొడుగులా విచ్చుకునేది, ఒకటి గాలి నింపుకుని పరుచుకునేది, ఒకటి తడి తగలగానే తానే సాగేది. మూడింటిలోనూ మనిషి లేడు. బాగానే ఉన్నాయి. ఊచలదాని మీద వేలు పెట్టబోయి, పద్ధతి ప్రకారం కనీసం ఒక్క గొణుగుడైనా వినాలి కదా అని ఆగింది.

"ఆ మూల కాదు మహానుభావా, ఈ మూల!"

"నాలుగు మూలలూ ఒకేలా ఏడిస్తే నన్నేం చెయ్యమంటావు?"

"జిలేబీ చుట్టేశావు కదయ్యా! అయ్యో, గాలి, గాలి! పట్టుకోవోయ్ లంకపొగాకు కాడా!"

"వస్తున్నానే పీతలబుట్టా!"

టక్కుమని చెవి మూసుకున్న చప్పుడు.

వకుళ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. జుబేదా ఈసారి తల తిప్పింది. వకుళ భర్త కిరీటి మొన్నామధ్య టిఫిన్ డబ్బా ఇవ్వడానికి రూపశాలకి వచ్చినప్పుడు, గుమ్మానికి తల కొట్టుకోకుండా వంగి లోపలికి రావడం జుబేదా కళ్ళారా చూసింది.

"పొడుగ్గా, సన్నగా, ఎండి నల్లబడ్డ పొగాకు కాడ," అంది నెమ్మదిగా. "ఎవరబ్బా? ఎక్కడో చూసినట్టే ఉంది."

"నీ పని నువ్వు చూసుకో జుబేదా."

"మరి ఆ పీతలబుట్ట?"

"జుబేదా!"

"ఎర్రబడుతోంది. ఉడికిన పీత ఎర్రబడుతుందంటారు, నిజమే."

వకుళ మొహం చేతుల్లో దాచుకుంది. తన సంసారం గొణుగుడైపోయి, వడకట్టుకుని, తన దగ్గరికే పనిగా వచ్చి కూర్చుంది! కానీ సిగ్గు తగ్గాక ఇంకేదో ముల్లులా గుచ్చుకుంది. ఆ మాటల్లో చిరాకు ఎక్కడుంది?

అది పెళ్ళయ్యాక మొదటి వాన. అప్పటిదాకా ఇద్దరూ ఒకరికొకరు కొత్త. "మీరు తిన్నారా?" "మీకు పంచదార సరిపోయిందా?" అని మర్యాదలు చేసుకుంటూ, చుట్టాలింటికి వచ్చినట్టు మసిలేవారు. ఆ సాయంత్రం గాలికి దుప్పటి లేచి ఇద్దరి మీదా గుడారంలా పడింది. లోపలంతా నీలం వెలుగు. ఎటు పాకినా గుడ్డే. తను అతన్ని ఏమని తిట్టిందో అప్పుడే ఇద్దరికీ తెలిసొచ్చింది. "పొగాకు కాడా?" అన్నాడతను. "మీరు నన్ను పీతలబుట్ట అన్నారు," అంది తను. "మీరేమిటి, ఇందాక నువ్వు అన్నావుగా, అదే బాగుంది," అన్నాడు. ఇక నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఎదురుకప్పు మీంచి అప్పాయమ్మ మామ్మ "ఒరేయ్, కాపురం కిందికెళ్ళి చేసుకోండి, నీళ్ళు సముద్రం పాలవుతున్నాయి!" అని అరిస్తే, ఆ వరస కప్పులన్నీ గొల్లుమన్నాయి.

ఆ సాయంత్రం మూస లెక్కలో ఈ ఋతువుకే పెద్ద చిరాకు.

"మూసా, ఆ తర్వాతది వినిపించు," అంది వకుళ.

"తర్వాతది లేదు," అంది పలక. "గొణుగుడు ఆగగానే చెవి మూసుకుంటుంది."

"ఎందుకు మూసుకోవాలి?"

"తర్వాతది చిరాకు కాదు. కనుక అవసరం లేదు."

వకుళ ఇంకో ఇంటి గొణుగుడు తెరిచింది. ఇంకో ఇంటిది. ఎక్కడ చూసినా దున్నపోతులు, మొద్దు రాచిప్పలు, "నీ చేతులు పడ, గట్టిగా పట్టు"లు. ప్రతిదీ తిట్టు దగ్గరే టక్కుమని తెగిపోతోంది.

"మనవాళ్ళు ముద్దొచ్చినా తిడతారు," అంది జుబేదా, ఈసారి వేళాకోళం మాని. "మా నానీ నన్ను ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. కోతీ అనేది. ఆ పిలుపు కోసమే పరుగెత్తేదాన్ని. మూసకేం తెలుస్తుంది?"

"దానికి తెలిసే దారి మనమే మూసేశాం."

వకుళ ఆ గొణుగుళ్ళని మళ్ళీ విన్నది, ఈసారి తిట్టు కోసం కాదు, అసలు చిక్కు కోసం. ప్రతివాళ్ళూ మూల గురించే మొత్తుకుంటున్నారు. దుప్పటి చేతిరుమాలులా నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. నాలుగు మూలలూ ఒకే చోటికి వస్తాయి. ఏది ఎవరిదో తెలియక ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుంటారు. ఎదురువాళ్ళు ఎదురుమూల లాగుతారు. గుడ్డ మెలిపడుతుంది. చిక్కు అక్కడుంది, మనుషుల దగ్గర కాదు.

మధ్యాహ్నం డబ్బా తెరిస్తే అన్నం పక్కన పూతరేకులు ఉన్నాయి. ఆత్రేయపురం నుంచి అత్తగారు పంపినవి. జుబేదా ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. వకుళ తినబోతూ ఆగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని మడత విప్పడం మొదలుపెట్టింది.

"తిండితో ఆటలేంటమ్మా!"

"ఉండు జుబేదా, మాట్లాడకు."

పలచని రేకు. పక్కలు రెండూ ముందు లోపలికి మడిచి, తర్వాత నిలువునా చుట్టారు. కొస పట్టుకుని లాగితే తిన్నగా ఒక పట్టీలా వచ్చింది, తర్వాత పక్కలు రెండూ వాటంతటవే విచ్చుకున్నాయి. మెలి లేదు. ఏది కొసో వెతుక్కోవాల్సిన పనే లేదు, పైకి కనిపించేది అదొక్కటే. మరి రెండు కొసల నుంచీ మధ్యకి చుడితే? ఈ కప్పు మీదివాళ్ళకి ఒక కొస, ఆ కప్పు మీదివాళ్ళకి ఒక కొస. ఇద్దరూ లాగితే తప్ప విచ్చుకోదు. ఇద్దరూ లాగితే మాత్రం చిక్కు పడమన్నా పడదు.

వకుళ వేళ్ళకి నెయ్యి, బెల్లప్పొడి. గీయాలని మనసు ఇలా లాగి ఎన్నాళ్ళయిందో! బొమ్మ గీయడానికి పలక మీద చోటు లేక డబ్బా మూతకి నెయ్యి రాసి, దాని మీదే గోటితో గీసింది. గీతలు కుదరక చెరిపి మళ్ళీ గీసింది. జుబేదా ఆమె వాటా పూతరేకులు కూడా తినేస్తోందని గమనించనే లేదు.

"స్ఫురణ నాది," అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా. "జుబేదా, ఇది నాది!"

"నీదేనమ్మా. పూతరేకులు మాత్రం అయిపోయాయి."

పలక ముందు కూర్చుని వకుళ మడతని వివరించింది. మూస అంతా విని, "మనిషి శ్రమ మిగిలి ఉంది. తగదు. మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి," అంది.

"ఎంచుకోను."

అలాంటి జవాబు అంతకుముందు ఏ పలకా విని ఉండదు. అన్ని సమ్మతాలూ అందితే గానీ పోత మొదలవదు. దీపాలవేళ దగ్గరపడుతున్నకొద్దీ గదిలోని పలకలన్నీ పసుపుపచ్చగా మిణుకుమిణుకుమనసాగాయి. కాసేపటికి రూపశాల పెద్ద పరాంకుశం గారు పైపంచె సవరించుకుంటూ వచ్చారు.

"ఏమ్మా వకుళా, పట్నం పోతంతా నీ పీట దగ్గర ఆగిందటగా?"

వకుళ లేచి నిలబడి అంతా చెప్పింది, పొగాకు కాడా పీతలబుట్టా తప్ప. ఆ రెండూ జుబేదా చెప్పింది.

పరాంకుశం గారు నవ్వలేదు. "కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అన్నీ ముచ్చట్లే. నా సంగతి చూడు. ఒంటరివాణ్ణి. ప్రతి వానకీ పక్కింటివాళ్ళని కేకెయ్యాలి. నాకెంత నామోషీగా ఉంటుందో తెలుసా?"

వకుళ కాస్త ఆలోచించి, "పిలిస్తే రారా సార్?" అంది.

"రాకేం! అదే వచ్చిన చిక్కు. దుప్పటి కట్టాక ఇంటికి పోతారా? పోరు. కాఫీ పెట్టమంటారు. పెడితే పకోడీలేవంటారు. వాళ్ళ పెద్దాయన నా కుర్చీలోనే కూర్చుని నాకే కబుర్లు..." ఆయన మాట ఆగిపోయింది. పంచె కొస వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి మడ అడవి మీద కమ్ముతున్న మబ్బుని చూశారు. "దుప్పటి తానే విచ్చుకుంటే వాళ్ళు రారు కదూ?" అన్నారు.

"చిక్కు తీద్దాం సార్," అంది వకుళ. "చెయ్యి తియ్యొద్దు."

"నా చేతిలో ఏముందమ్మాయ్? మూస ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పోత ఆపినందుకు నీ పీట పోతుంది. అది నేనైనా ఆపలేను."

"తెలుసు సార్." వకుళ పలక వైపు తిరిగింది. "మూసా, మూడు స్ఫురణలూ వద్దు. నా మడత ఉండాలి."

"కారణం?" అంది పలక. "ఖర్చు, ప్రమాదం, దినుసు కొరత. ఏది?"

"ముచ్చట."

"ముచ్చటకి కొలమానం లేదు."

"ఎలా ఉంటుంది, నువ్వు విననిదే? ఈసారి వానకి దుప్పటి చెవి మూయకు. ముడి పడేదాకా తెరిచి ఉంచు. ఎవరి మాటలూ దాచుకోవద్దు. తిట్టు ఎంత, నవ్వు ఎంత, అంతే. తిట్టే ఎక్కువైతే నీ ఊచల గొడుగే పెట్టుకో, నేను పీట దిగిపోతాను. ఇద్దరికీ ఇదే పందెం."

పలక చీకటైంది. గదిలో అందరూ పీటలు వదిలి ఆమె వెనక మూగారు. మూస ఇంతసేపు ఆలోచించడం వాళ్ళెవరూ చూడలేదు.

"ఒక వాన," అంది పలక, వెలిగి. పోత మొదలైంది.

ఇంటికి చేరేసరికి గాలి తిరిగింది. కిరీటి కప్పు మీదే ఉన్నాడు. అడ్డబల్ల మీద రెండు చుట్టలుగా చుట్టుకుని ఉన్న దుప్పటిని అనుమానంగా చూస్తున్నాడు.

"ఏంటిది, మా అమ్మ పంపిన పూతరేకులా ఉంది?"

"కొస పట్టుకో, చెప్తాను. అప్పాయమ్మ మామ్మా! ఆ వైపు కొస మీది!"

"నాకు తెలుసులేవే!" అంది ఎదురుకప్పు మీంచి మామ్మ, కోడల్ని ముందుకి నెడుతూ.

మొదటి చినుకు పడింది. ఇటు ఇద్దరూ, అటు ఇద్దరూ లాగారు. దుప్పటి ఒక్క ఊపులో తిన్నగా సాగింది. పక్కలు గాలికి రెక్కల్లా విచ్చుకున్నాయి. కొక్కేలు టపటపా పడ్డాయి. అయిపోయింది.

ఎవరూ మాట్లాడలేదు.

ఆ వరసలోని కప్పులన్నిటి మీదా అంతే. జనం చేతులు ఖాళీగా వేలాడేసుకుని, బిగుతుగా నిలిచిన దుప్పట్లని చూస్తూ నిలబడ్డారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వకుళ కప్పుల వైపు చెవి రిక్కించింది. తిట్టు లేదు, నవ్వూ లేదు. చిక్కుతోపాటు ముచ్చటని కూడా తనే తీసేసిందా? చెవి తెరిచే ఉంది. ముడి బిగించడమే మిగిలింది. ఆ తర్వాత అది మూసుకుంటుంది.

"ఇదెవరి నిర్వాకమే!" అని అరిచింది అప్పాయమ్మ మామ్మ. "ఇంత తిన్నగా విచ్చుకుంటే ఇక నా కోడల్ని దేనికని తిట్టను?"

"ఎందుకత్తయ్యా, వంట ఉందిగా," అంది కోడలు.

పక్క కప్పు మీద ఎవరో కిసుక్కుమన్నారు. కిరీటి ఒక్క క్షణం ఖాళీ చేతుల్ని చూసుకున్నాడు. ఆ తర్వాత దుప్పటి కిందికి వంగి, నిండుతున్న దాని కడుపుని వీపుతో ఒక్క ఎత్తు ఎత్తాడు. తొట్టెడు నీళ్ళు అలలా లేచి వకుళ నెత్తిన పడ్డాయి.

ఆమెకి ఊపిరాడలేదు. ఊపిరి అందగానే, "ఓరి నీ పొగ చూర! లంకపొగాకు కాడా! తాగేనీళ్ళురా అవి!" అని మీద పడింది. కిరీటి పరుగు తీశాడు. మామ్మ కోడలు అటునుంచి దుప్పటిని తన్నింది. ఆ నీళ్ళు కిరీటి మీద కాక మామ్మ మీదే పడ్డాయి. "నీ వంట మండ!" అని మామ్మ చీర కొంగు పిండుకుంటూ పగలబడి నవ్వింది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? పక్క కప్పు, దాని పక్క కప్పు, కాలవకి అవతలి వరసా. ఇన్నాళ్ళూ చిక్కులతో కుస్తీపట్టిన చేతులకి ఇవాళ బోలెడు తీరిక. ఊరంతా దుప్పట్లని ఎగరేస్తోంది, తిడుతోంది, తడుస్తోంది. కాలవ అవతల పైపంచె తలకి చుట్టుకున్న పరాంకుశం గారు, "ఆ కుర్చీ నాది, తడిపితే చంపుతాను!" అని ఎవరినో అదిలిస్తున్నారు. ఆ అదిలింపుకి ఒక ముసలి గొంతు ఆనందంగా ఇంకా పెద్ద తిట్టు తిట్టింది.

వాన కాస్త నెమ్మదించాక వకుళ ముడి బిగించింది. మణికట్టు మీది చిన్నపలక వెలిగింది.

"తిట్టు: ఇంతవరకూ విననంత," అంది మూస. ఆమె కళ్ళు మూసుకుంది. "నవ్వు: కొలత దాటింది. పందెం మీరే గెలిచారు. మడత ఉంటుంది."

"కిరీటీ!" అని కేకేసిందే గానీ ఏం చెప్పాలో తెలియక, అతని తడి చొక్కా పట్టుకుని గిరగిరా తిరిగింది. ఏమైందో తెలియకపోయినా అతనూ తిరిగాడు.

పలక ఆరిపోలేదు. మూస ఇంకా ఏదో చెయ్యబోతున్నట్టు మిణుకుతోంది. రేపటి పోత కోసం వరసలో ఉన్నవన్నీ, తడిక, తిరగలి, పిల్లల ఉయ్యాల, ఒక్కొక్కటే ఎర్రబడి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. రూపశాల నుంచి జుబేదా గొంతు గాభరాగా వినిపించింది. "వకుళా, ఏం చేశావే? స్ఫురణలు రావడం లేదు. అందరి పలకల మీదా ఒకటే ప్రశ్న!"

ఆ ప్రశ్న వకుళ మణికట్టు మీదా వచ్చింది. ఆడపడుచులాంటి తలుపు పేరు, దాని కింద ఒక్క వరుస.

"తర్వాత ఏమైంది?"

వకుళ ఒకసారి కిరీటి వైపు చూసింది. తడిజుట్టు వెనక్కి తోసుకుని, దుప్పటి కొక్కెం పక్కన, ముడి పడ్డా ఇంకా మూసుకోని ఆవగింజంత చెవి దగ్గరికి వంగి, మొదటి వాన నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.